పాచి, గార, 3 లక్షల వ్యూస్

మా నల్గొండ వైపు పళ్ళు తోముకోవడాన్ని మొఖం కడుక్కోవడం అంటారు. "మొఖం కడిగినవా?" అని అడిగారంటే పళ్ళు తోమావా అని. ఇక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలియక కాదు. అయినా మొదటి వీడియోలో "రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా దంతాలను శుభ్రపరచుకోవాలి" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. అది చూసి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "రాత్రి పూట మొఖం కడుగుడేందే? తెల్లారితే మళ్ళ కడుగుడే గద!"

నేను డెంటల్ హైజీనిస్ట్‌ని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "అంటే నర్సా?" అంటారు, లేకపోతే "చిన్న డాక్టరా?" అంటారు. రెండూ కాదు. పళ్ళ మీద గార తీయడం, పాలిష్ చేయడం, నోరు ఎలా శుభ్రంగా పెట్టుకోవాలో నేర్పడం నా పని. రెండేళ్ళ డిప్లొమా చదివి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, డాక్టర్ పర్యవేక్షణలో చేయాలి. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్‌లోనే మా గురించి ఉంది. కానీ మన దగ్గర చాలా క్లినిక్కుల్లో ఈ పని డాక్టర్లే చేసేసుకుంటారు కాబట్టి మేం కనపడేది తక్కువ. నల్గొండలో నేను పనిచేసే క్లినిక్‌లో కూడా పేషెంట్లు నన్ను "క్లీనింగ్ మేడం" అంటారు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు నా పేజీకి పెట్టుకున్న పేరే అది.

2020 లాక్‌డౌన్ లేకపోతే ఈ వీడియోల జోలికి వెళ్ళేదాన్ని కాదు. గార తీసే మిషన్‌ని స్కేలర్ అంటాం. దాని మొన సెకనుకు వేల సార్లు అదురుతూ నీళ్ళు చిమ్ముతుంది. ఆ తుంపర గది అంతా పొగమంచులా లేస్తుంది. కరోనా రోజుల్లో అది బాగా ప్రమాదమైన పని కాబట్టి అత్యవసర కేసులు తప్ప మిగతావన్నీ ఆపేశారు. నా పని మొత్తం ఆ మిగతావాటిలోనే ఉంది. ఇంట్లో కూర్చున్నాను. పాత పేషెంట్లు మాత్రం ఫోన్లు చేస్తూనే ఉన్నారు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, ఏం చేయాలి? క్లీనింగ్ డేట్ దాటిపోయింది, పర్వాలేదా? ఒకే సమాధానం రోజుకు పదిసార్లు చెప్పలేక వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పెద్దమ్మ ఫోన్ చేసింది దాని గురించే. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. 61 మంది చూశారు, అందులో సగం చుట్టాలే.

టిక్‌టాక్‌లో పెడదామని అకౌంట్ తెరిచిన వారానికే, జూన్ 29న, దాన్ని దేశంలో బ్యాన్ చేశారు. మా ఆయన "నీ దెబ్బకే" అని ఇప్పటికీ నవ్వుతాడు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, అక్కడ మొదలుపెట్టాను. క్లినిక్ మళ్ళీ తెరిచాక డాక్టర్ గారిని అడిగితే, "పేషెంట్లు లేనప్పుడు తీసుకో, మందుల పేర్లు మాత్రం చెప్పొద్దు" అన్నారు. లైట్లు, స్టాండ్లు కొనలేదు. డెంటల్ చైర్ మీదుండే లైటు కంటే మంచి లైటు ఎక్కడ దొరుకుతుంది? దాని చేతికే రెండు రబ్బరు బ్యాండ్లతో ఫోన్ కట్టేసి, ప్లాస్టిక్ దవడ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని మాట్లాడేదాన్ని.

ఏడెనిమిది నెలలు ఎవరూ పట్టించుకోలేదు. కారణం నా భాషే అని తర్వాత అర్థమైంది. కాలేజీలో నేర్చుకున్నట్టే ప్లాక్, కాల్క్యులస్, జింజివైటిస్ అనేదాన్ని. ఒకరోజు చైర్‌లో కూర్చున్న ఒక పెద్దాయనకు ప్లాక్ అంటే ఏమిటో చెప్పడానికి అవస్థ పడుతుంటే ఆయనే అన్నాడు, "పాచి అను బిడ్డా, సమజైతది." నిజమే కదా! పొద్దున లేవగానే పళ్ళ మీద జిగటగా ఉండేది పాచి. దాన్ని తోమకుండా వదిలేస్తే ఉమ్మిలోని ఖనిజాలు చేరి కొన్ని రోజులకే గట్టిపడితే గార. పాచి బ్రష్‌తో పోతుంది, గార పోదు, దానికి మిషన్ కావాలి. మా శాస్త్రంలో సగం ఈ రెండు మాటల్లో ఉంది. అవి మా అమ్మమ్మకు కూడా తెలుసు. ఆ రోజు నుంచి ఇంగ్లిష్ పేర్లు మానేశాను. "రాత్రి మొఖం కడిగి పండుకోండి" అని చెప్పిన రీల్‌ని పెద్దమ్మ తన గ్రూపులన్నిటికీ పంపింది.

ఆ రోజుల్లోనే ఒక తప్పు దొరికింది. బొమ్మ మీద స్కేలర్ ఎలా పనిచేస్తుందో చూపిస్తూ, ఫ్రేమ్ పక్కకు పోయిందని చేతికి గ్లోవ్ ఉండగానే ఫోన్ సర్దాను. మళ్ళీ అదే చేత్తో స్కేలర్ పట్టుకున్నాను. వేరే జిల్లాలో పనిచేసే ఒక డెంటిస్ట్ కింద రాశారు: "బొమ్మ కాబట్టి సరిపోయింది. పేషెంట్ ఉన్నా ఇలాగే చేస్తారా?" ముఖం మాడిపోయింది. డిలీట్ చేసి ఊరుకోవచ్చు. కానీ అప్పటికే చూసినవాళ్ళు చూశారు. మర్నాడు అదే చోట కూర్చుని, నిన్న నేనేం చేశానో, అది ఎందుకు తప్పో చెప్పి, గ్లోవ్స్ విప్పి కొత్తవి వేసుకోవడం చూపించాను. అది చూశాక జనం తమ క్లినిక్కుల్లో గ్లోవ్స్ మారుస్తున్నారో లేదో గమనించడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు డాక్టర్లకు నా మీద కోపం కూడా వచ్చిందని విన్నాను.

నిజంగా జనం చూసింది నా నోరే. పాచిని రంగులో పట్టిచ్చే ద్రావణం ఒకటి ఉంటుంది. పళ్ళకు రాసి పుక్కిలిస్తే శుభ్రంగా ఉన్న చోట రంగు పోతుంది, పాచి ఉన్న చోట ఊదారంగు అంటుకుని ఉంటుంది. పిల్లలకు చూపించడానికి వాడతాం. ఒక రాత్రి ఇంట్లో, రెండు నిమిషాలు శ్రద్ధగా తోముకుని, ఇక్కడ మచ్చ లేకుండా వస్తుందన్న ధీమాతో కెమెరా ముందు రాసుకున్నాను. పైపళ్ళు బాగానే ఉన్నాయి. నాలుక ఎత్తేసరికి కింది ముందు పళ్ళ లోపలివైపు, ఈ చివర నుంచి ఆ చివరికి, నేరేడు పళ్ళు తిన్నట్టు ఊదా గీత. నాలుక కింద లాలాజలం ఊరే గ్రంథుల నోళ్ళు ఉంటాయి, అందుకే గార అందరికీ ముందు అక్కడే కడుతుంది. ఈ మాట రోజుకు పదిమందికి చెప్పేదాన్ని నేనే. వెనక నుంచి అత్తమ్మ "ఛీ, ఇది అందరికి సూపిస్తవా?" అన్నది కూడా రికార్డయింది. ఆ గొంతు తీసేయకుండా పెట్టాను. బ్రష్‌ని నిలువుగా తిప్పి, మొనతో ఒక్కో పన్ను లోపలివైపు ఎలా తోమాలో అక్కడికక్కడే తోమి చూపించాను. వారంలో 40 వేల మంది చూశారు. తర్వాతి నెలలో చైర్ ఎక్కినవాళ్ళలో ఐదారుగురు, నేను అడక్కముందే, "లోపలివైపు తోముతున్న మేడం" అన్నారు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

గార తీసే వీడియోలకు ఒక గిరాకీ ఉంది. సిమెంటులా పేరుకున్న గార పెళ్ళలుగా ఊడిపడుతుంటే జనం కళ్ళార్పకుండా చూస్తారు. ఎంత అసహ్యంగా ఉంటే అన్ని వ్యూస్. మా దగ్గరికి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు, నలభై దాటి ఉంటాయి. గుట్కా నమిలీ నమిలీ కింది పళ్ళకు ముందు వెనక నల్లటి గార, రెండు పళ్ళ మధ్య సందు కూడా కనపడనంత. "మీ మొహం కనపడదు, వీడియో తీసుకోవచ్చా" అని అడిగాను. "తీస్కోండ్రి మేడం, ఏమైతది" అన్నాడు. నోరు మాత్రమే తీశాను. మొదటి సిట్టింగ్‌లో కింది వరుస పూర్తయింది. రాత్రి పెట్టాను, పొద్దున లేచేసరికి లక్ష దాటింది. మూడు రోజులకు 3 లక్షలు.

కామెంట్లు చూసి నేను ఉబ్బిపోయాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. "వాంతొస్తోంది", "బ్రష్ అనే వస్తువు ఒకటి ఉందని చెప్పండి", "ఇంట్లోవాళ్ళు ఎలా భరిస్తున్నారో". ఒకదానికి నేను నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

రెండో సిట్టింగ్‌కి ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. చైర్ వైపు రాలేదు. ఫోన్ తీసి ఆ రీల్ చూపించాడు.

"గిది నేనే గద మేడం?"

కింది పెదవి మీద పుట్టుమచ్చ. నా కంటికి ఆనలేదు, నేను గారే చూశాను.

"మా పోరడు సూపిచ్చిండు. కింద రాసిన్రు గద, అవి గూడ సదివిండు."

అక్కడే డిలీట్ చేశాను. తప్పయింది అన్నాను. "తీసేస్తే పోతదా, మా అడ్డ మీద అందరు సూసిన్రు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ అనడమే ఇంకా గుర్తుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. మొదటి రోజు వచ్చినప్పుడు అలా పెట్టుకోలేదు. ఆయన మళ్ళీ మా క్లినిక్‌కి రాలేదు. పైవరుస గార అలాగే ఉండిపోయింది.

నోరు బాగా పాడైనవాళ్ళు ఆలస్యంగా వచ్చేది డబ్బుల్లేక, భయంతో మాత్రమే కాదు. నోరు తెరవాలంటే సిగ్గు. "తిట్టకండి మేడం" అంటూనే చైర్ ఎక్కుతారు. ఆ సిగ్గు పోగొట్టాల్సిన దాన్ని 3 లక్షల మందితో నవ్వించాను. ఆ తర్వాత పేషెంట్ నోరు నా పేజీలో ఎప్పుడూ కనపడలేదు. నా నోరు, బొమ్మ నోరు, బతిమాలితే మా ఆయన నోరు. వ్యూస్ మళ్ళీ వేలల్లోకి వచ్చాయి.

2023 మార్చి 20న, ప్రపంచ నోటి ఆరోగ్య దినం రోజు, ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉందన్న డబ్ల్యూహెచ్ఓ లెక్కతో ఒక వీడియో పెట్టాను. 350 కోట్లు విని ఎవరూ బ్రష్ మార్చలేదు. దానికంటే "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు లూజ్ అవుతాయా?" అన్నది పదిరెట్లు ఎక్కువ పోయింది. అవవు. అప్పటిదాకా పళ్ళ సందుల్ని గార గోడలా పూడ్చేసి ఉంటుంది, అది పోగానే నాలుకకు సందు తగిలి పన్ను కదిలినట్టు అనిపిస్తుంది. ముందే ఎముక అరిగి కదులుతున్న పన్ను ఉంటే ఆ కదలిక అప్పుడు బయటపడుతుంది. అంతే.

ఇక ఫ్లోరైడ్ గొడవ. నల్గొండలో కూర్చుని ఈ మాట ఎత్తితే ఊరుకుంటారా? ఫ్లోరైడ్ నీళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడి, కాళ్ళు వంకరపోయి, నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా ఇది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేస్తే దానికి పడ్డ పేరు నల్గొండ టెక్నిక్. పేరు రావడమైతే వచ్చింది, ఇలా. అలాంటి చోట నేను "పిల్లలకు ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ వాడండి" అని రీల్ పెట్టాను. మర్రిగూడ వైపు నుంచి ఒకాయన రాశాడు: "నీళ్ళల్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితేనే విషమంటున్రు. నీ పేస్టుల వెయ్యి ఉన్నదని డబ్బా మీదనే ఉన్నది. మా పిల్లల్ని గూడ సంపుతవా?"

ఆయన లెక్క తప్పు కాదు. పేస్ట్‌లో 1000 పీపీఎం అంటే కిలోకు వెయ్యి మిల్లీగ్రాములే. జవాబు నాకు తెలుసు, కానీ రెండు లైన్లలో రాస్తే దబాయించినట్టే ఉంటుంది. డాక్టర్ గారిని అడిగితే, "ముందు ఏ నీళ్ళు తాగుతున్నారో అడుగు, అది అడక్కుండా ఈ జిల్లాలో పేస్ట్ గురించి చెప్పకు" అన్నారు. మా వీధిలో బంగారం షాపుకు పేస్ట్, బ్రష్ పట్టుకుని వెళ్ళాను. "పేస్టు తూకమేందమ్మా?" అని ఆయన నవ్వాడు గానీ కాంటా ఇచ్చాడు. బ్రష్ పెట్టి సున్నా చేసి, బియ్యపు గింజంత పేస్ట్ వేశాను. 0.12 గ్రాములు. తర్వాత టీవీ యాడ్‌లో లాగా బ్రష్ పొడుగునా వేశాను. 1.08. ఈ రెండు తూకాలే ఆ వీడియో. గింజంత పేస్ట్‌లో ఉండే ఫ్లోరైడ్ దాదాపు 0.12 మిల్లీగ్రాములు, పిల్లలు మొత్తం మింగేసినా అంతే. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే 4 మిల్లీగ్రాములూ కడుపులోకే. చిగురు కింద పళ్ళు తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, మింగింది ఎక్కువైతేనే పంటి పైపొర ఎనామెల్ మీద ఆ మచ్చలు. కాబట్టి మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత, పెద్దవాళ్ళు పక్కన నిలబడి ఉమ్మించాలి. ఇంకా బోరు నీళ్ళే తాగుతుంటే ముందు నీళ్ళు మార్చండి, పేస్ట్ సంగతి డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. పెద్దవాళ్ళకు పడ్డ గోధుమరంగు మచ్చలు గార కాదు, నా మిషన్‌తో పోవు అని కూడా చెప్పాను. ఆ ఒక్క మాటకు క్లినిక్‌కి వచ్చే డబ్బులు కొన్ని పోయి ఉంటాయి. డాక్టర్ గారు ఏమీ అనలేదు.

ఫాలోవర్లు పెరిగాక కంపెనీల వాళ్ళు రావడం మామూలే. బొగ్గు పొడితో పళ్ళు మెరుస్తాయని చెప్పమని ఒకరు నా నెల జీతంలో సగం ఇస్తామన్నారు. గరుకు పొడితో రోజూ రుద్దితే ఎనామెల్ అరుగుతుందని నేనే అంతకుముందు నెల వీడియో పెట్టి ఉన్నాను. అది చూడకుండానే ఫోన్ చేశారన్నమాట! 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత ఏమిటో చెప్పాలని మార్గదర్శకాలు ఇచ్చింది. నేను అంతకుముందు నుంచే ప్రతి వీడియోలో "హైజీనిస్ట్‌ని, డాక్టర్ని కాదు" అని చెప్తున్నాను. అయినా మెసేజ్‌లన్నీ "డాక్టర్ మేడం" అనే మొదలవుతాయి.

ఆ మెసేజ్‌లే కష్టం. రాత్రి పదకొండుకు బుగ్గ లోపలి ఫోటోలు వస్తాయి. ఒక కుర్రాడు, ఇరవై మూడేళ్ళట, కారం తింటే నోరు మండుతోంది అని రాశాడు. గుట్కా తింటావా అంటే "కొంచెం". మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టి చూడమన్నాను. "రెండే వడుతున్నయ్" అని వచ్చింది. అది ఏ జబ్బో చెప్పే అధికారం నాకు లేదు. కానీ గుట్కా నమిలే మనిషికి నోరు బిగుసుకుంటోందంటే ఎక్కడికి దారితీస్తుందో తెలియకుండానూ లేదు. "రేపే డెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, గుట్కా ఈ రాత్రి నుంచే ఆపు" అని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత రెండుసార్లు అడిగాను. నీలం టిక్కులే.

మొన్న వేసవి సెలవుల్లో ఒకాయన ఐదేళ్ళ కూతురిని తీసుకుని వచ్చాడు. పాపకు పైన రెండు పాలపళ్ళు పుచ్చాయి. డాక్టర్ గారు వాటిని చూశాక బ్రషింగ్ నేర్పమని నా దగ్గరికి పంపారు. పాపను స్టూల్ మీద కూర్చోబెట్టి బొమ్మ తీస్తుంటే తండ్రే మొదలుపెట్టాడు.

"మేము సర్కారు భగీరథ నల్లా నీళ్ళే తాగుతున్నం మేడం. రెండేండ్లాయె బోరు బందు చేసి."

నేను ఇంకా అడగనే లేదు. తలెత్తి చూశాను.

"మర్రిగూడ నుంచి రాసింది మీరేనా?"

నవ్వాడు. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. నవ్వి, వెంటనే పెదవులు మూశాడు. "నావి నీ మిషనుతోని పోవని ఎరుకే, అది గూడ చెప్పినవ్ గద. బిడ్డకు సూపియ్యి" అన్నాడు.

పాప అప్పటికే పేస్ట్ ట్యూబ్ అందుకుని బ్రష్ పొడుగునా పిండేసింది. ఆయన దాని చేతిలోంచి బ్రష్ తీసుకుని, పేస్టంతా వేలితో తీసి సింక్ అంచుకు రాసి, గింజంత మాత్రం ఉంచి మళ్ళీ ఇచ్చాడు.